ఒకే పొడవు ఐరన్లతో సీజన్ మొత్తం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి గోల్ఫ్ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే పొడవు ఐరన్ల గురించే. వీటి సంగతి కొత్తగా వింటున్నవారి కోసం రెండు ముక్కలు. ఐరన్లంటే ఇనుప తల ఉన్న గోల్ఫ్ క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు). అంకె పెరిగేకొద్దీ బంతి ఎత్తుకు లేస్తుంది, దూరం తగ్గుతుంది. మామూలు సెట్‌లో 5 ఐరన్ 38 అంగుళాలుంటే 6 ఐరన్ 37½, 7 ఐరన్ 37. అలా అరంగుళం చొప్పున తగ్గుతూ పిచింగ్ వెడ్జ్ (9 తర్వాత వచ్చే పొట్టి క్లబ్) దగ్గరికొచ్చేసరికి 35½ అవుతుంది. ఒకే పొడవు సెట్‌లో అన్నిటికీ ఒకటే పొడవు, చాలా సెట్లలో అది 7 ఐరన్ పొడవు. హెడ్ (బంతికి తగిలే ఇనుప తల) బరువు, లై కోణం (నేలకూ కర్రకూ మధ్య కోణం) కూడా అన్నిటికీ ఒకటే. మారేది లాఫ్ట్ (హెడ్ ముఖం వెనక్కి వాలిన కోణం) ఒక్కటే.

ప్రశ్న: నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 18. 7 ఐరన్ బాగానే తగులుతుంది, 5 ఐరన్ పట్టుకుంటే మాత్రం చేతులు బిగుసుకుపోతాయి. ఈ అక్టోబరులో ఒకే పొడవు సెట్‌కు మారి, మార్చి దాకా పాత సెట్ ముట్టకూడదని అనుకుంటున్నాను. అమెరికా ప్రొఫెషనల్ డీషాంబో ఈ క్లబ్బులతోనే అన్ని గెలుస్తున్నాడు కదా, నాకూ పనికొస్తాయనుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బ్రైసన్ డీషాంబో 2011 నుంచి వీటితోనే ఆడుతున్నాడు. 2015లో కాలేజీ టైటిల్ ఎన్‌సీఏఏ, యూఎస్ అమెచ్యూర్ రెండూ ఒకే ఏడాది గెలిచాడు. 2020లో వింగ్డ్ ఫుట్‌లో, 2024లో పైన్‌హర్స్ట్‌లో యూఎస్ ఓపెన్ కొట్టాడు. కాబట్టి ఈ పద్ధతి పై స్థాయిలో నిలబడుతుందా అన్న సందేహం ఎవరికీ అక్కర్లేదు. అయితే ఆయన స్వింగ్ వేగం అసాధారణం. పొడవు తగ్గిన 4 ఐరన్‌ను కూడా ఆ వేగంతో ఆకాశానికి లేపగలడు. మన సందేహం అక్కడే మొదలవుతుంది. ఇదే ఆలోచనతో టామీ ఆర్మర్ కంపెనీ 1980ల చివర్లో ఈక్యూఎల్ అనే సెట్ తెస్తే అది మార్కెట్లో నిలవలేదు. సాధారణ ఆటగాడి చేతిలో లాంగ్ ఐరన్లు తక్కువ ఎత్తులో, తక్కువ దూరం పోవడమే ఈ పద్ధతికి మొదటినుంచీ ఉన్న చిక్కు. హెడ్ తయారీ మెరుగయ్యాక, అంటే లాంగ్ ఐరన్ల ముఖం పలచగా, బరువు కిందికి జరిపి చేయడం వచ్చాక, 2016–17 ప్రాంతంలో కోబ్రా వన్ లెంగ్త్, టామ్ విషన్ రూపొందించిన స్టెర్లింగ్ లాంటివి వచ్చాయి.

మీకు ముందుగా చెప్పాల్సింది ఒకటే. ఈ సెట్‌లో మధ్య క్లబ్బులు, అంటే 6 నుంచి 9 దాకా, వాటంతట అవే దారిన పడతాయి. సీజన్ నిలబడేదీ కూలేదీ రెండు చివర్ల దగ్గర: పైన 5 ఐరన్, కింద వెడ్జ్‌లు. ఆ రెండు చివర్లూ సీజన్ మొదలవకముందే తేల్చుకోండి. తర్వాత 20 రౌండ్ల దాకా దేన్నీ కదపకండి.

తేల్చుకోవడం ఎలాగంటే, మొత్తం సెట్ కొనేముందు ఒకే పొడవు 5 ఐరన్, పిచింగ్ వెడ్జ్ రెండే తెచ్చుకుని కొట్టి చూడండి. 7 ఐరన్‌ను పరీక్షించి ప్రయోజనం లేదు, అది మీ పాత 7 ఐరన్ పొడవే. లాంచ్ మానిటర్ (బంతి వేగం, ఎత్తు, దూరం కొలిచే పరికరం) ఉన్న చోట, రేంజ్ బంతులతో (ప్రాక్టీసు మైదానంలో ఇచ్చేవాటితో) కాకుండా మీరు కోర్సులో వాడే బంతులతోనే కొట్టండి. అరిగిపోయిన రేంజ్ బంతి ఇచ్చే దూరాలు నమ్మి సీజన్ మొదలుపెడితే మొదటి రౌండ్‌లోనే లెక్క తప్పుతుంది. క్లబ్‌కు పది బంతులు, కానీ పదీ వరసగా వద్దు. రెండు 5 ఐరన్, పోల్చుకోవడానికి రెండు మీ పాత 7, రెండు వెడ్జ్, మళ్ళీ మొదటికి. లేకపోతే అలసటంతా చివరి క్లబ్ నెత్తిన పడుతుంది. పదిలో బాగా చెడిపోయిన రెండింటిని వదిలేసి మిగిలిన ఎనిమిదింటి క్యారీ (బంతి నేలను తాకేలోపు గాల్లో పోయిన దూరం) చూడండి. 5 ఐరన్ మీ 7 ఐరన్ కంటే కనీసం 15 యార్డులు ముందు పడాలి, గ్రీన్ (జెండా ఉన్న నున్నటి గడ్డి) మీద ఆగేంత ఎత్తు నుంచి దిగాలి. ఆ రెండూ జరగకపోతే 5 ఐరన్ స్థానంలో మామూలు పొడవు హైబ్రిడ్ (లాంగ్ ఐరన్ కంటే బంతిని తేలిగ్గా లేపే లావు తల క్లబ్) పెట్టుకుని 6 నుంచి కింద మాత్రమే ఒకే పొడవుకు వెళ్ళండి. మా అభిప్రాయంలో 7 ఐరన్ క్యారీ 130 యార్డులకు లోపున్న ఎవరైనా పరీక్ష కూడా లేకుండా నేరుగా ఇదే చేయవచ్చు.

నిలబడే తీరు గురించి: బంతికి ఎంత దూరంలో నిలబడాలి, ఎంత వంగాలి అన్నవి ఇక ఒకటే కొలత. బంతి స్థానం 6 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా ఒకచోటే ఉంచండి. 5 ఐరన్‌కు మాత్రం సగం బంతి వెడల్పు లక్ష్యం వైపు జరపండి. ఈ సెట్‌లోని లాభమంతా ఈ ఒక్క నిలకడలోనే ఉంది. దాన్ని క్లబ్ మారినప్పుడల్లా మీరే చెడగొట్టుకుంటే మారి ఉపయోగమేముంది?

ప్రశ్న: నా పాత సెట్ షాఫ్ట్‌లను (క్లబ్ కర్రలను) 37 అంగుళాలకు కోసి, చిన్నవాటికి అతుకు వేసి ఒకే పొడవు చేసిస్తానని ఒక రిపేరు చేసే అతను అంటున్నాడు. కొత్త సెట్ ఖర్చులో పదో వంతు కూడా కాదు. చేయించుకోవచ్చా? — విశాఖపట్నం నుంచి

జవాబు: వద్దు. కారణం లెక్కల్లో చూపిస్తే మీకే అర్థమవుతుంది.

మామూలు సెట్‌లో క్లబ్ పొట్టి అవుతున్న కొద్దీ హెడ్ బరువు సుమారు 7 గ్రాముల చొప్పున పెరుగుతుంది. 5 ఐరన్ హెడ్ దాదాపు 256 గ్రాములు, 7 ఐరన్ 270, పిచింగ్ వెడ్జ్ 290 దరిదాపుల్లో ఉంటుంది. పొడవు, బరువు ఒకదాన్నొకటి సరిచూసుకోవడం వల్లే అన్నీ చేతిలో ఒకేలా ఊగుతాయి. ఆ ఊగే బరువుకే స్వింగ్ వెయిట్ అని పేరు. అరంగుళం పొడవు మారితే సుమారు 3 పాయింట్లు మారుతుంది, హెడ్‌లో 2 గ్రాములు మారితే 1 పాయింట్.

ఈ కొలత సీ, డీ, ఈ అక్షరాల వరసలో, ఒక్కో అక్షరంలో 0 నుంచి 9 దాకా పెరుగుతూ పోతుంది. ఇప్పుడు అన్నీ డీ2 దగ్గరున్న సెట్ అనుకోండి. 5 ఐరన్‌ను అంగుళం కోస్తే 6 పాయింట్లు పడిపోయి సీ6 అవుతుంది. హెడ్ ఎక్కడుందో చేతికి తెలియదు. పిచింగ్ వెడ్జ్‌కు అంగుళంన్నర కలిపితే 9 పాయింట్లు పెరిగి ఈ1కు పోతుంది, కర్రకు సుత్తి కట్టినట్టుంటుంది. పొడవు ఒకటైంది గానీ ఊపులో రెండింటి మధ్య 15 పాయింట్ల దూరం వచ్చింది. మీరు పారిపోవాలనుకున్న తేడా అంతకంటే పెద్దదై మళ్ళీ ఎదురొచ్చిందన్నమాట.

5 ఐరన్‌ను బాగుచేయడానికి 12 గ్రాములు కలపాలి. అరంగుళం వెడల్పు సీసపు టేపు 4 అంగుళాలు అతికిస్తే దాదాపు 2 గ్రాములు, అంటే 24 అంగుళాల టేపు హెడ్ వెనక పొరలు పొరలుగా వేయాలి. చూడటానికి బాగోదుగానీ పని జరుగుతుంది. అసలు చిక్కు వెడ్జ్‌ది. దాని హెడ్ నుంచి 18 గ్రాములు తీయాలి. హోసెల్ (షాఫ్ట్ దూరే గొట్టం) లోపల డ్రిల్ చేస్తే పోయేది కొద్ది గ్రాములే, మిగతాది సోల్ (హెడ్ అడుగు) అరగదీస్తేనే వస్తుంది. సోల్ అరిగితే బౌన్స్ (క్లబ్ నేలలో దిగబడకుండా ఆపే అడుగు వంపు) పోతుంది, తడి నేలలో క్లబ్ తవ్వుకుపోతుంది.

ఇంకా రెండు చిక్కులున్నాయి. వెడ్జ్ లై 64 డిగ్రీలుంటే దాన్ని 62½కి వంచాలి. ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన) హెడ్ అయితే వంగుతుంది. 17-4 స్టెయిన్‌లెస్ పోత హెడ్ అయితే మొండికేస్తుంది, హోసెల్ చీలినా చీలవచ్చు. రెండోది షాఫ్ట్. పిచింగ్ వెడ్జ్‌ది 5 ఐరన్ షాఫ్ట్ కంటే గట్టిగా ఉండేలా కత్తిరించి ఉంటుంది. పొడవు సమానం చేసినా గట్టిదనం సమానం కాదు. ఒకే పొడవు సెట్‌లో అన్నిటికీ 7 ఐరన్ షాఫ్టే, కొన దగ్గర ఒకే కత్తిరింపుతో ఉండాలి. పైగా పిడి చివర అంగుళంన్నర అతుకు వేసిన చోట షాఫ్ట్ బలహీనపడుతుంది.

మీ రిపేరు అతని చేతిపనిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఒకే బరువుతో, ఒకే లైతో పోసిన హెడ్‌లు తెప్పించి ఇస్తే అదే మనిషి చక్కగా బిగించగలడు. అప్పుడు అతన్ని మూడు కొలతలు అడగండి: గ్రిప్ వేశాక ప్రతి క్లబ్ పొడవు 37కు అంగుళంలో పదహారో వంతు లోపు తేడాతో ఉండాలి, స్వింగ్ వెయిట్ ఒక పాయింట్ లోపు, లై అర డిగ్రీ లోపు. పొడవు కొలిచేటప్పుడు క్లబ్‌ను ఆడే భంగిమలో నేల మీద ఆనించి, హెడ్ మడమ (షాఫ్ట్ వైపు కొస) వెనక నేలను తాకే చోటు నుంచి గ్రిప్ టోపీ అంచు దాకా స్కేలు పెట్టాలి. నిలువుగా వేలాడదీసి కొలిస్తే తప్పుతుంది.

విశాఖ ఉక్కకు ఒక చిన్న మాట. చెమటకు గ్రిప్ జారుతుందని సీజన్ మధ్యలో లావు గ్రిప్ వేయించుకుంటారు కొందరు. గ్రిప్ బరువు 5 గ్రాములు పెరిగితే స్వింగ్ వెయిట్ దాదాపు ఒక పాయింట్ తగ్గుతుంది. మార్చాలంటే అన్నిటికీ ఒకేసారి మార్చండి, అరిగిన రెండింటికి మాత్రమే కాదు.

ప్రశ్న: నా 5 ఐరన్, 6 ఐరన్ రెండూ ఒకచోటే పడుతున్నాయి. తేడా నాలుగైదు యార్డులు కూడా లేదు. స్వింగ్ తప్పా, క్లబ్ తప్పా? — డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు

జవాబు: ఎక్కువసార్లు రెండూ కావు. తక్కువ లాఫ్ట్ క్లబ్‌కు ఎత్తు ఇచ్చేది వేగం. మామూలు 5 ఐరన్ అంగుళం పొడవుగా ఉండి ఆ వేగాన్ని తెచ్చేది. ఇప్పుడది లేదు. బంతి తక్కువ కోణంలో, తక్కువ స్పిన్‌తో బయల్దేరి తొందరగా నేలకు దిగుతుంది. వేగం ఒక హద్దు కంటే తక్కువుంటే లాఫ్ట్ తగ్గించినా దూరం పెరగదు.

అందుకే మొదటి పని: 5 ఐరన్ లాఫ్ట్‌ను ఇంకా తగ్గించమని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. జబ్బుకు జబ్బునే మందుగా వేసినట్టవుతుంది. ముందు లాఫ్ట్‌లు కొలిపించండి. 5కీ 6కీ మధ్య కనీసం 4 డిగ్రీలు ఉండాలి. 3 మాత్రమే ఉంటే 6 ఐరన్‌ను ఒక డిగ్రీ పెంచి, కింద 7తో దాని దూరం మళ్ళీ చూసుకోండి. 4 ఉండి కూడా దూరాలు కలిసిపోతుంటే 5 ఐరన్‌ను బ్యాగ్‌లోంచి తీసేయడమే సరైన పని. దాని చోట 24–26 డిగ్రీల హైబ్రిడ్. కొన్ని సెట్లతో పాటే ఒకే పొడవు హైబ్రిడ్ కూడా వస్తుంది. కానీ ఈ స్థానంలో మేం మామూలు పొడవు హైబ్రిడ్‌నే ఎంచుకుంటాం. అక్కడ మీకు కావలసింది ఎత్తు, వేగం. సెట్ ఏకరూపంగా కనిపించడం కాదు.

తప్పు స్వింగ్‌దయ్యే సందర్భం ఒకటుంది. 5 ఐరన్ కదా అని బలం పెంచి కొట్టడం. క్లబ్ ముఖం మీద పొడి చల్లి ఐదు బంతులు కొట్టండి. గుర్తులన్నీ కింది గీతల దగ్గర ఉంటే బంతిని లేపాలని మీరు పైకి ఎత్తుతున్నట్టు. 7 ఐరన్ లయలోనే కొట్టి మళ్ళీ కొలవండి.

ప్రశ్న: బొలారంలో ఆడతాను. కొత్త సెట్‌లో 6, 7, 8 అద్భుతం. పిచింగ్ వెడ్జ్ మాత్రం నిండు స్వింగ్‌కు ఎడమకు లాగుతోంది, చాలా ఎత్తుకు పోతోంది. గ్రీన్ పక్కన చిప్ చేయాలంటే (చిన్న ఊపుతో కొట్టాలంటే) పొడుగు కర్ర పట్టుకున్నట్టుంది. — సికింద్రాబాద్ నుంచి

జవాబు: మూడు ఫిర్యాదులకు మూడు వేరు వేరు కారణాలు.

ఎడమకు లాగడం లై దోషం కావచ్చు. బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్ ముఖానికి ఎదురుగా నిలబడేలా పెట్టి కొట్టండి. గీత ముఖం మీద అచ్చు పడుతుంది. అచ్చు స్కోర్‌లైన్లకు (ముఖం మీద చెక్కిన గీతలకు) సరిగ్గా అడ్డంగా, నిటారుగా ఉంటే లై సరైనదే. గీత పైకొన టో (హెడ్ బయటి కొస) వైపు వాలితే క్లబ్ మరీ నిటారుగా ఉంది, మడమ వైపు వాలితే మరీ పడుకుని ఉంది. ఒక్క అచ్చు చూసి తీర్పు ఇవ్వకండి, ఐదు చూడండి. లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్‌లోనే ఈ దోషం ఎందుకు బయటపడుతుందంటే, 45 డిగ్రీల లాఫ్ట్ మీద లై 2 డిగ్రీలు తప్పితే బంతి దిశ కూడా దాదాపు 2 డిగ్రీలు తప్పుతుంది. 110 యార్డుల్లో అది సుమారు 4 యార్డులు. అదే తప్పు 25 డిగ్రీల 5 ఐరన్ మీద సగం కూడా కనిపించదు. మీ 6, 7, 8 అద్భుతంగా అనిపిస్తూ వెడ్జ్ ఒక్కటే చెడ్డదనిపించడం ఇందుకే. దోషం అన్నిటిలోనూ కొద్దికొద్దిగా ఉండి ఉండొచ్చు. వంచాల్సి వస్తే అన్నీ ఒకే కోణానికి వంచించండి.

ఎత్తు సంగతి: వెడ్జ్ ఇప్పుడు పాతదానికంటే అంగుళంన్నర పొడవు, కాబట్టి వేగం ఎక్కువ, ఎత్తూ ఎక్కువ. నిండు స్వింగ్ మానేసి ముప్పావు స్వింగ్‌ను మీ మామూలు వెడ్జ్ షాట్‌గా చేసుకోండి. ఎదురుగాలిలో 9 ఐరన్ తీసుకుని మెల్లగా. ఆ షాట్‌కు వేరే దూరం రాసుకోండి.

చిప్పింగ్‌కు అంగుళం నుంచి అంగుళంన్నర కిందికి పట్టుకోవాలి. ఎక్కడ పట్టుకోవాలో ప్రతిసారీ వెతుక్కోకుండా గ్రిప్ మీద తెల్ల పెయింట్ చుక్క పెట్టుకోండి, ఎడమ చేతి చిటికెన వేలు దాని కింద పడేలా. ఇలా పట్టినప్పుడు హెడ్ తేలికగా అనిపిస్తుంది, ఊపు తొందరపడుతుంది. మొదటి రెండు వారాలు చిప్‌లు గ్రీన్ దాటిపోతుంటే కారణం అదే. ఇక లాఫ్ట్ ఇంకా ఎక్కువుండే సాండ్ వెడ్జ్, లాబ్ వెడ్జ్‌ల విషయంలో మా సలహా గట్టిగానే చెబుతున్నాం: వాటిని మామూలు పొడవులోనే ఉంచుకోండి. బంకర్‌లో (ఇసుక గుంటలో), పొట్టి పిచ్‌లో ఎవరూ నిండు స్వింగ్ చేయరు. అక్కడ ఒకే పొడవు వల్ల ఒరిగేది లేదు, పోయేది మాత్రం చేతి స్పర్శ. ఈ మధ్యలో ఒక గొయ్యి ఉంటుంది, చూసుకోండి. ఇప్పటి సెట్లలో పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీల దగ్గర ఉంటే, సాండ్ వెడ్జ్ 54 అయితే నడుమ 10 డిగ్రీల ఖాళీ. అక్కడ 49 దగ్గర గ్యాప్ వెడ్జ్ కావాలి. దాన్ని మాత్రం ఒకే పొడవులోనే తీసుకోండి, అది నిండు స్వింగ్ క్లబ్బే.

ప్రశ్న: పోటీల్లో వీటికి అనుమతి ఉందా? మధ్యలో సీసపు టేపు అంటించుకోవచ్చా? — విజయవాడ నుంచి

జవాబు: అనుమతి ఉంది. క్లబ్బులన్నీ వేర్వేరు పొడవులుండాలన్న నియమం ఎక్కడా లేదు. కానీ బ్యాగ్‌లో 14కు మించకూడదు. హైబ్రిడ్, గ్యాప్ వెడ్జ్ కలిపేటప్పుడు పాత 5 ఐరన్ బ్యాగ్ అడుగున మర్చిపోతే, తప్పు జరిగిన ఒక్కో హోల్‌కు 2 స్ట్రోకులు, స్ట్రోక్ ప్లే రౌండ్‌లో గరిష్ఠంగా 4 పెనాల్టీ. టేపు రౌండ్‌కు ముందు ఎంతైనా అంటించుకోండి. రౌండ్ మధ్యలో అంటించకూడదు, తీయకూడదు.

ప్రశ్న: బెంగళూరులో ఉంటాను. ఆరు రౌండ్లు అయ్యాయి, స్కోరు నాలుగైదు స్ట్రోకులు పెరిగింది. పోయిన వారం విశాఖ వచ్చి ఆడితే ప్రతి షాట్ గ్రీన్‌కు ముందే పడింది. పాత సెట్‌కు తిరిగి వెళ్ళిపోనా?

జవాబు: విశాఖ రౌండ్‌ను ముందు పక్కన పెట్టండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అక్కడ గాలి పలచన. మీ బెంగళూరు దూరాలు సముద్రతీరంలో సుమారు 3 శాతం తగ్గుతాయి. 150 యార్డుల షాట్‌కు 4–5 యార్డులు, పైన సముద్రపు ఎదురుగాలి. ఏ సెట్‌తో ఆడినా అక్కడ ముందే పడేది.

మిగతా ఐదు రౌండ్లు చాలవు. మీ స్థాయిలో రౌండ్‌కు ఐరన్‌తో గ్రీన్‌కు కొట్టే షాట్లు ఎనిమిదో తొమ్మిదో. ఐదు రౌండ్లంటే నలభై చిల్లర, క్లబ్‌కు ఏడెనిమిది. అంత కొద్ది వాటిలో రెండు చెడ్డ షాట్లు చాలు, మొత్తం లెక్క తారుమారు. 20 రౌండ్లకు క్లబ్‌కు ముప్పై దాకా వస్తాయి, అప్పుడు మాట్లాడుకోవచ్చు. హ్యాండిక్యాప్ కూడా చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 నుంచే లెక్కవుతుంది కాబట్టి ఆ అంకె మీకు సరిగ్గా కుదురుతుంది.

ఈలోపు స్కోరు చూడటం మానేసి ఒక చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకోండి. ప్రతి ఐరన్ షాట్‌కు నాలుగు విషయాలు: ఏ క్లబ్, ఎంత దూరం కావాలనుకున్నారు, ముందు పడిందా దాటిందా ఎన్ని అడుగులు, ఎడమా కుడా. ఉదాహరణకు ఒక వరస ఇలా ఉంటుంది: "8, 132, +9, ఎ." అంటే 8 ఐరన్, 132 యార్డులు, 9 అడుగులు దాటింది, ఎడమకు. బంతి సరిగ్గా తగలకపోతే పక్కన సున్నా చుట్టండి, దాన్ని దూరాల లెక్కలో కలపకండి. పది రౌండ్లయ్యాక తిరగేయండి. కింది క్లబ్బులన్నీ దాటుతూ, పైవి ముందు పడుతూ ఉంటే అది సెట్ దోషం కాదు. మీరింకా పాత దూరాలతోనే క్లబ్ ఎంచుకుంటున్నారు. కొత్త దూరాల చీటీ రాసి బ్యాగ్‌కు కట్టుకోండి, కేడీకి (బ్యాగ్ మోసే సహాయకుడికి) కూడా ఒకటివ్వండి. మీ పాత అంకెలు అలవాటైన కేడీ మంచి మనసుతోనే తప్పు క్లబ్ చేతికిస్తాడు.

పాత సెట్ మాత్రం ఇంట్లో కనపడేచోట ఉంచకండి. ఒక వారం ఇది, ఒక వారం అది ఆడితే బంతికి ఎంత దూరంలో నిలబడాలో శరీరానికి రెండు సెట్లలోనూ తెలియకుండా పోతుంది. ఇరవై తర్వాత కూడా సున్నాలు, అంటే సరిగ్గా తగలని షాట్లు, 5, 6 ఐరన్లలో తగ్గకపోతే అప్పుడు నిశ్చింతగా వెనక్కి వెళ్ళిపోండి. ఈ సెట్ ఇవ్వగలిగిందే అది, అదే రాకపోతే ఇక దేనికోసం?

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్ళు, ఆట మొదలుపెట్టి ఏడాది. మొదటినుంచే ఒకే పొడవు సెట్ కొనివ్వమంటారా? — హైదరాబాద్ నుంచి ఒక తల్లి

జవాబు: ఎత్తు ఆగేదాకా వద్దమ్మా. ఈ సెట్ విలువంతా పొడవు మారకపోవడంలో ఉంది. మీ అబ్బాయికేమో ఆరు నెలలకోసారి పొడవు మార్చాల్సి వస్తుంది. ప్రస్తుతానికి అతని ఎత్తుకు తగిన 7 ఐరన్, వెడ్జ్, ఒక హైబ్రిడ్, పటర్ చాలు. రెండేళ్ళు 7 ఐరన్‌తో శుభ్రంగా కొట్టడం వస్తే తర్వాత ఏ సెట్ అయినా అతనికి నష్టం చేయదు.